కూతకు లేనిది, పట్టుకు ఉన్నది

మా వరంగల్ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ముందరి పన్ను సగమే మిగిలిన పెద్దమనిషి ఒకాయన ఎదురవుతాడు. అడిగితే దాన్ని దెబ్బ అనడు. ఫలానా జాతరకు కబడ్డీ పోటీలు పెడితే ఫలానా ఊరి కూతగాణ్ణి కాలు పట్టి ఆపినప్పుడు పోయిందని మురిసిపోతూ చెబుతాడు. హనుమకొండలో పీఈటీ సారుగా పనిచేసినన్నాళ్లూ అలాంటి కథలు కుప్పలుగా విన్నాను. మోకాలికి ప్యాడ్ కొనిపెట్టే తండ్రులను చూశాను గానీ, పండ్లకు ఏం వేయాలని అడిగిన తండ్రి ఎప్పుడో ఒకరు.

ఈ పండ్ల తొడుగు, అదే మౌత్ గార్డ్, పుట్టింది లండన్ బాక్సింగ్‌లో. అంతకుముందు బాక్సర్లు దూదో, స్పాంజో, చెక్కముక్కో పండ్ల మధ్య కరిచిపట్టుకునేవారు. దవడ సడలిందంటే అది జారిపోయేది. 1890ల మొదట్లో ఊల్ఫ్ క్రాస్ అనే దంతవైద్యుడు బాక్సర్ల పైపండ్ల మీద గట్టాపెర్చా పట్టీలు అతికించి రింగులోకి పంపడం మొదలుపెట్టాడు. మలయా ప్రాంతపు చెట్ల పాల నుంచి వచ్చే పదార్థమది. వేడికి మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. రూట్ కెనాల్ చేసి పంటి వేరులో నింపేది కూడా దాన్నే. ఆ లెక్కన హనుమకొండ చౌరస్తాలో నిలబడ్డ చాలామంది నోళ్లలో ఆ తొలి తొడుగు చుట్టం ఒకటి ఉన్నట్టే!

ఊల్ఫ్ కొడుకు ఫిలిప్ చేసిచ్చిన తొడుగుతో టెడ్ కిడ్ లూయిస్ అమెరికా రింగుల్లో దిగితే ఎదుటి పక్షం ఒప్పుకోలేదు. దెబ్బ తినడానికి వచ్చి పన్ను దాచుకోవడమేమిటని వాళ్ల బాధ కాబోలు. 1927లో జాక్ షార్కీతో తలపడిన మైక్ మెక్‌టీగ్‌కు విరిగిన పన్నే పెదవిని కోసి పోటీ చేజారింది. ఆ తర్వాతే బాక్సింగ్‌లో అభ్యంతరాలు సద్దుమణిగాయి. అమెరికాలో హైస్కూలు ఫుట్‌బాల్ ఆటగాళ్లకు 1962లో దీన్ని తప్పనిసరి చేశారు.

మన వైపు దీనికి గిరాకీ తెచ్చింది కూడా బాక్సింగే. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయ్యాక మా ఆడపిల్లలు గ్లవ్స్ అడగసాగారు. గ్లవ్స్ వెంటే తొడుగు వచ్చింది. అది లేనిదే రింగులోకి రానివ్వరు. ఎర్ర రంగుదైతే అసలు ఒప్పుకోరు, రక్తం కారినా తెలియదని. పిల్లలకేమో ఎర్రదే నచ్చుతుంది.

షాపులో తొడుగులు రెండు రకాలు దొరుకుతాయి. తీసి నేరుగా పెట్టుకునేది ఎవరికీ సరిగా కూర్చోదు, దాని జోలికి పోవద్దంటాను. రెండోది వేడినీళ్లలో మెత్తబరిచేది. ప్యాకెట్ మీద రాసినంతసేపే ముంచి, నోరు కాలకుండా ఒక్క క్షణం చల్లనీళ్లలో తిప్పి పైపండ్లకు పెట్టాలి. మెల్లగా కరిచి, గాలి లోపలికి పీలుస్తూ, పెదవి మీంచి వేళ్లతో అదిమితే పంటి అచ్చు పడుతుంది. నోరు బార్లా తెరిచినా ఊడిపడకపోతే పనికొచ్చినట్టే. పండ్లకు క్లిప్పులున్న పిల్లలకు మాత్రం డాక్టరు దగ్గర అచ్చు తీయించి చేయించాల్సిందే. ఖర్చెక్కువైనా అన్నిటికన్నా బాగా కూర్చునేది అదే.

మరి కబడ్డీకి ఎందుకు రాలేదు? కూతే కారణమంటారు మావాళ్లు. కబడ్డీ కబడ్డీ అని స్పష్టంగా వినబడాలి, కూత తెగితే ఔటే. నోట్లో తొడుగుంటే మాట ముద్దయిపోతుందని భయం. నేనొప్పుకోను. కూతకు పోయేవాడికి ఆ ఇబ్బంది ఉందనే అనుకుందాం. చీలమండ పట్టడానికి తల వంచి దూకేది పట్టేవాడు, వాడికి కూతే లేదాయె. కూతగాడి మోకాలు, మడమ తగిలేదీ వాడి మూతికే. జాతర కథలు చెప్పే ఆ పెద్దమనుషుల్లో కూడా పన్ను పోగొట్టుకున్నది ఎక్కువగా పట్టినవాళ్లే.

అందుకే కార్నర్‌లో ఆడే పిల్లలకు తొడుగు పెట్టిస్తున్నాను. కూత వంతు వస్తే తీసి డబ్బాలో వేసుకుంటారు. డబ్బా పట్టుకుని గీత బయట కూర్చునే పని రిజర్వు ఆటగాడిది.