క్రిప్టోజోనా బిస్ట్రియాలిస్

క్రిప్టోజోనా బిస్ట్రియాలిస్ దక్షిణ భారతదేశంలోనూ శ్రీలంకలోనూ కనిపించే నేల నత్త. కుటుంబం ఏరియోఫాంటిడే. డెన్మార్క్ శాస్త్రవేత్త హెన్రిక్ బెక్ 1837లో దీనికి పేరు పెట్టాడు. తడి నేల మీద బతికినా ఇది గాలిని పీల్చే జీవి, మొప్పలుండవు. ప్రతి నత్తా ఉభయలింగ జీవి.

గుర్తింపు

గుల్ల పైనుంచి కొద్దిగా అణచినట్టు గుండ్రంగా ఉంటుంది. వెడల్పు సుమారు 3 సెం.మీ. లేత గోధుమ రంగు మీద ముదురు చార చుట్టూ తిరుగుతుంది. మొన పైకి, నోరు మనవైపు ఉండేలా పట్టుకుంటే నోరు కుడిపక్కన కనిపిస్తుంది. మామూలు శంఖానిదీ ఇదే కుడిచుట్టు. అరుదైన దక్షిణావర్త శంఖం శాస్త్రం లెక్కలో ఎడమచుట్టుది. నోటి అంచు పలచగా ఉంటుంది, మూత ఉండదు. తల మీద రెండు జతల కొమ్ములుంటాయి, పొడవైన జత కొసల్లో కళ్లు. తోక చివర జిగురు గుంట, దానిపై చిన్న కొమ్ము ఉండటం ఈ కుటుంబపు లక్షణం. అందుకే ఖాళీ గుల్ల కంటే బతికున్న నత్తతోనే గుర్తించడం తేలిక. దగ్గరి జాతుల మధ్య సందేహం తీరాలంటే జననేంద్రియాలను పరీక్షించాలి.

ఇలాంటివే

ఆఫ్రికా రాక్షస నత్త గుల్ల పొడవుగా, మొనదేలి 15 సెం.మీ. దాటవచ్చు. దాన్ని 1847లో విలియం బెన్సన్ మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చాడు. మడ అడవుల నత్తల్లో చాలావాటికి నోటి మీద మూత ఉంటుంది.

ఆవాసం

పొదల నీడ, రాలిన ఆకుల కింది తేమ, తోటలు, పొలం గట్లు దీనికి ఇష్టం. లేత ఆకులు తిని కూరమొక్కలను పాడుచేస్తుంది. పూర్వపు నెల్లూరు జిల్లా తీరంలో ఇలాంటి నీడ పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్యనున్న శ్రీహరికోటలో మిగిలింది. పాల, అల్లి, నేరేడు చెట్లతో ఇక్కడిది ఉష్ణమండల శుష్క సతతహరిత అడవి. 2022 జిల్లాల పునర్విభజనలో ఈ దీవి నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది.

ఈ తీరానికి ప్రధాన వర్షాలు అక్టోబరు–డిసెంబరు నెలల్లో, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. నేల నత్తల కోసం వెతకడానికి ఆ వానల తర్వాతి రాత్రులు, తెల్లవారుజాములు అనువైనవి. ఎండాకాలంలో నత్త గుల్ల నోటిని ఎండిన జిగురు పొరతో మూసుకుని, వేర్ల సందుల్లోనో రాళ్ల కిందో తొలి వాన దాకా కదలకుండా ఉంటుంది.