వెన్నులో మందు, మణికట్టుపై ఒత్తిడి
తెలంగాణ ప్రసవాలలో 60.7 శాతం సిజేరియన్లేనని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. సంగారెడ్డి, పటాన్‌చెరు తల్లులకూ ఆ కోత కొత్త కాదు. నొప్పిని ఓర్చుకోవడమే మాతృధర్మమన్న మాట అంతకన్నా పాతది. ఆ ఓర్పు నేడు అనవసరం.

1898లో జర్మన్ వైద్యుడు ఆగస్ట్ బీర్ వెన్నులోనికి కొకైన్ ఎక్కించి శస్త్రచికిత్స చేశాడు. 1979లో అమెరికాలో వాంగ్ బృందం అదే మార్గాన మార్ఫిన్ ఇచ్చి క్యాన్సర్ రోగుల బాధ తగ్గించింది. సిజేరియన్‌లో మిల్లీగ్రాములో పదోవంతు చాలు, దాదాపు రోజంతా ఉపశమనం. దురద, వాంతులు దాని మూల్యం. అరుదుగా శ్వాస మందగిస్తుంది. కనుక నర్సు కనిపెట్టి ఉండవలసిందే.

ఆ వికారానికి చైనీయుల ప్రాచీన ఉపాయమొకటి అక్కరకు వస్తుంది: ముంజేతి లోపలివైపు, మణికట్టు ముడతకు మూడు వేళ్ళ ఎగువన, నడుమ ఒత్తడం. నొప్పి విషయంలో దాని మేలు ఇంకా అంతగా రూఢి కాలేదు. ఈ రెండింటినీ గురించి మత్తు వైద్యుణ్ణి ముందుగానే అడగండి.