ఒక నంబరు, అయిదు చోట్లు

వెర్షన్ నంబరు మీద ఇంత రాయడానికి ఏముంటుందని మీరనుకోవచ్చు. రెండేళ్ళ క్రితం దాకా నేనూ అలాగే అనుకునేవాణ్ణి. మూడు అంకెలు, మధ్యలో రెండు చుక్కలు, అంతే కదా!

అప్పట్లో మేమొక బిల్లింగ్ సాఫ్టువేరు చేస్తుండేవాళ్ళం. ఒక కస్టమరు ఆఫీసులో పన్ను లెక్కలో పైసలు తేడా వస్తున్నాయని కంప్లైంటు వచ్చింది. స్క్రీను కింద మూల 4.2.1 అని కనిపిస్తోందని ఫొటో తీసి మరీ పంపారు. పైసలు రౌండు చేయడంలో అలాంటి తప్పు ఒకటి ఉండేమాట నిజమే గానీ, దాన్ని 4.2.0లోనే సరిచేసేశాం. నేను 4.2.1 కోడు ముందేసుకుని రెండు రాత్రులు కూర్చున్నా. తప్పు దొరకలేదు. ఇంకేం, "మా వైపు అంతా సరిగ్గానే ఉంది, మీ ఎంట్రీల్లో పొరపాటు జరిగి ఉండవచ్చు, దయచేసి సరిచూసుకోగలరు" అని బోలెడు మర్యాదగా ఒక మెయిలు కొట్టా. అక్కడ అకౌంట్లు చూసే పెద్దావిడ ఆ మెయిలు నమ్మి మూడు నెలల బిల్లులు చేత్తో మళ్ళీ వేసుకున్నారు. పైవాళ్ళ చేత మాట కూడా పడ్డారని తర్వాత తెలిసింది.

చివరికి వాళ్ళ మెషీనులోకి లాగిన్ అయి చూస్తే ఏముంది, లెక్కలు చేసే భాగం ఇంకా 4.1.7 లోనే ఉంది. స్క్రీను మీద నంబరు చూపించే ఫైలు మాత్రం 4.2.1. అప్‌గ్రేడు సగంలో ఆగిపోయింది, ఆ సగంలో నంబరున్న ఫైలు ముందు వెళ్ళి కూర్చుంది. అంటే ఆవిడ లెక్క కరెక్టు, మా లెక్కే తప్పు.

మా ప్రాజెక్టులో ఆ నంబరు అయిదు చోట్ల రాసి ఉండేది. మావెన్ వాడేవాళ్ళందరికీ తెలిసిన పామ్ ఫైలు (పేరుకి తగ్గట్టే, ఎప్పుడు కాటేస్తుందో తెలీదు), ఇన్‌స్టాలరు స్క్రిప్టు, స్క్రీను మీద చూపించే ఫైలు, డేటాబేసులో ఒక టేబులు, యూజరు మాన్యువల్ అట్ట. శుభలేఖలో ముహూర్తం ఒకటి, ఫంక్షన్ హాలు బోర్డు మీద ఇంకోటి, పంతులుగారు చెప్పేది మూడోది అయితే పెళ్ళి ఎలా జరుగుతుందో మా రిలీజులూ అలాగే జరిగేవి.

ఆవిడకి ఫోను చేసి క్షమాపణ చెప్పుకున్నాక, ఈ తలనొప్పి మాకొక్కళ్ళకేనా అని పాత సంగతులు చదవడం మొదలెట్టా. మాకొక్కళ్ళకే కాదు. ఇది యాభై ఏళ్ళ నాటి జబ్బు.

1972లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ అనే ఆయన ఎస్‌సీసీఎస్ అనే పనిముట్టు మొదలుపెట్టాడు. సోర్స్ కోడ్ కంట్రోల్ సిస్టమ్ అన్నమాట. ముందు ఐబీఎం 370 మీద స్నోబాల్ భాషలో రాశాడు, తర్వాత యూనిక్స్ కోసం సీ లో రాశాడు. 1975లో దాని మీద ఒక పేపరు కూడా వేశాడు. ఫైలులో ఏ మార్పు ఎప్పుడు జరిగిందో దాచిపెట్టడం దీని ప్రధానమైన పని, చరిత్ర రాసేవాళ్ళంతా దాని గురించే చెబుతారు. నన్ను కట్టిపడేసింది అందులోని ఇంకో చిన్న సంగతి.

ఫైలులో ప్రోగ్రామరు వెర్షన్ నంబరు రాయడు. నంబరు రావలసిన చోట ఒక గుర్తు పెట్టి వదిలేస్తాడు. ఎస్‌సీసీఎస్ నుంచి ఫైలు బయటికి తీసినప్పుడు ఆ గుర్తు స్థానంలో ఫైలు పేరు, నంబరు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. దాని ముందు @(#) అని నాలుగు అక్షరాల ముద్ర పడుతుంది. ఆ లైనుని కోడులో ఒక స్ట్రింగుగా పెట్టుకుంటే కంపైల్ చేశాక కూడా అది ప్రోగ్రాము కడుపులో అలాగే ఉంటుంది. తర్వాత ఎప్పుడైనా 'వాట్' అనే కమాండుకి ఆ ప్రోగ్రామునిస్తే అది లోపలంతా గాలించి, ముద్ర కనిపించిన చోటల్లా ఆ పక్కనున్నది చదివి వినిపిస్తుంది. ఏ ఫైలు ఏ నంబరుదో, ఒక్కొక్కటిగా. "నువ్వెవరు?" అని కాయితాల్ని కాకుండా మనిషినే అడగడం లాంటిది. ఆ కస్టమరు మెషీనులో ఇలాంటిదే ఉండుంటే నాకు రెండు రాత్రులు కాదు, రెండు నిమిషాలు పట్టేది. యాభై ఏళ్ళ కిందటి పనిముట్టు చేసిన పని మా సాఫ్టువేరు చేయలేకపోయిందంటే కొంచెం సిగ్గుగానే ఉంది.

1982లో పర్డ్యూ యూనివర్సిటీలో వాల్టర్ టిషీ రాసిన ఆర్‌సీఎస్ కూడా ఇదే పద్ధతి పట్టుకుంది. రెండు డాలరు గుర్తుల మధ్య 'ఐడీ' అని రాస్తే చాలు, మిగతాది అదే నింపుకుంటుంది. పాత సీ ఫైళ్ళు తెరిస్తే మొదటి లైన్లలో ఇప్పటికీ ఆ డాలర్లు కనిపిస్తాయి.

అసలు గందరగోళం సీవీఎస్‌తో మొదలైంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో డిక్ గ్రూన్ అనే లెక్చరరు, ఇద్దరు స్టూడెంట్లు కలిసి ఒక సీ కంపైలరు మీద పనిచేస్తుండేవారు. ముగ్గురి వేళలూ కుదిరేవి కావు. ఎవరి వేళకి వాళ్ళు పనిచేసుకునేలా ఆయన ఆర్‌సీఎస్ మీద కొన్ని షెల్ స్క్రిప్టులు రాసుకుని 1986లో బయటపెట్టాడు. 1989లో బ్రయన్ బెర్లినర్ దాన్ని సీ లోకి తెచ్చాడు. తర్వాత పదిహేనేళ్ళు ఓపెన్ సోర్స్ లోకమంతా దాదాపు దాని మీదే నడిచింది. కానీ పునాది ఆర్‌సీఎస్ కదా, అందుకని ఏ ఫైలు నంబరు ఆ ఫైలుదే. ఒక ఫైలు 1.47లో ఉంటే పక్కనున్నది 1.3లో ఉండేది. కస్టమరుకి వెళ్ళే రిలీజు పేరేమో 2.0. ఈ మూడింటికీ చుట్టరికం లేదు!

నంబర్లన్నీ ఒక్కలా కనిపించాలని ముచ్చటపడే వాళ్ళ కోసం సీవీఎస్‌లో ఒక వెసులుబాటు ఉండేది, ఫైళ్ళన్నిటినీ బలవంతంగా 2.0కి లాక్కెళ్ళవచ్చు. మర్నాడు పొద్దున ఎవరో ఒక ఫైలు ముట్టుకుంటారు, అది 2.1 అవుతుంది, మిగతావి ఉన్నచోటే ఉంటాయి. మళ్ళీ మొదటికి వచ్చామా? ఆ నంబర్ల జోలికి పోవద్దు, రిలీజుకి ఒక పేరుపెట్టి ట్యాగు కట్టుకోండి అనేది పెద్దల సలహా. అంటే అన్ని ఫైళ్ళనీ ఒకే తాడుతో కట్టడం. తాడు కట్టే మనిషి ఒక ఫైలు మర్చిపోతే అంతే సంగతులు.

2000లో మొదలై 2004 ఫిబ్రవరిలో 1.0గా వచ్చిన సబ్‌వర్షన్ ఇక్కడ ఒక మంచి పని చేసింది. నంబరు ఫైలుకి కాదు, మొత్తం చెట్టుకి. ఎవరు ఏ మూల ఒక చుక్క మార్చినా మొత్తం ప్రాజెక్టు నంబరు ఒకటి పెరుగుతుంది. జనం సంతోషపడి, పాత అలవాటు కొద్దీ, వెర్షన్ చూపించే ఫైలులో ఆ డాలరు గుర్తుల ముద్ర పెట్టుకున్నారు. తీరా చూస్తే అక్కడ పడేది ప్రాజెక్టు నంబరు కాదు, ఆ ఫైలు చివరిసారి మారినప్పటి నంబరు! వెర్షన్ ఫైలుని ఎవరూ ముట్టుకోరు కాబట్టి అది ఎప్పటికీ పాతదే చూపిస్తుంటుంది. బిల్డు చేసేటప్పుడు వేరే కమాండు నడిపి నంబరు అడిగి తెచ్చుకోవాల్సిందే.

నంబరు ఫైలులో రాసుకోవడం కాదు, బిల్డు వేళ అడిగి తెచ్చుకోవడం. దాదాపు ముప్ఫై ఏళ్ళు తిరిగి అందరూ చేరింది ఇక్కడికే అనిపిస్తుంది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలెట్టిన గిట్‌లో అయితే నంబర్లే లేవు, నలభై అక్షరాల హ్యాష్ ఉంటుంది. దాన్ని చూసి ఏది ముందో ఏది వెనకో ఎవరూ చెప్పలేరు. అందుకే 'డిస్క్రైబ్' అని ఒక కమాండు ఇచ్చారు. దగ్గరి ట్యాగు ఏది, దాని తర్వాత ఎన్ని మార్పులు జరిగాయి, ఇప్పటి హ్యాష్ ఏమిటి అని కలిపి చెబుతుంది. గిట్ తన సొంత నంబరు కూడా ఇలాగే తయారుచేసుకుంటుంది. గిట్ చరిత్ర లేకుండా ఉత్త సోర్సు కట్ట దించుకునేవాళ్ళ కోసం మాత్రం ఆ కట్టలో నంబరు రాసిన ఫైలు ఒకటి పెట్టి పంపుతారు. అదీ లేకపోతే వాడడానికి స్క్రిప్టులో చేత్తో రాసిన నంబరు ఒకటుంది. గిట్‌కే తప్పలేదు, మనమెంత!

తమాషా ఏమిటంటే, అదే లైనస్ గారి లినక్స్ కెర్నెల్‌లో నంబరు ఇప్పటికీ చేత్తోనే రాస్తారు. కాకపోతే ఒకే ఒక్కచోట. పైనున్న మేక్‌ఫైలు తెరిస్తే మొదట్లోనే వెర్షన్, పాచ్‌లెవెల్, సబ్‌లెవెల్, ఎక్స్‌ట్రావెర్షన్ అని నాలుగు లైన్లు. మిగతా ఫైళ్ళకి కావలసిన నంబరంతా అక్కడినుంచే పుడుతుంది. ఇంతకన్నా శుభ్రమైన ఏర్పాటు నేను చూడలేదు. అయినా గొడవ తప్పలేదు.

2011 మే నెలలో 2.6.39 వచ్చింది. 2.6 మొదలైంది 2003 డిసెంబరులో, ఇంకా ఎన్నాళ్ళు లాగుతాం, లినక్స్‌కి ఇరవయ్యేళ్ళు కూడా నిండుతున్నాయి అని లైనస్ తర్వాతి దానికి 3.0 అని పేరుపెట్టేశాడు. కోడులో విప్లవమేమీ లేదు. మేక్‌ఫైలులో మార్చడం నిమిషం పని. కానీ ప్రపంచంలో ఎన్నో ప్రోగ్రాములు కెర్నెల్ నంబరులో మూడు అంకెలుంటాయని, మొదటి రెండూ 2.6 అని రాసుకుని ఉన్నాయి. మూడో అంకె లేకపోతే తడబడేవాటి కోసం 3.0ని 3.0.0 అని చెప్పుకోవలసి వచ్చింది. ఫెడోరా 15 వాళ్ళయితే అదే కెర్నెల్‌ని 2.6.40 అని పేరు మార్చి ఇచ్చారు. అదే ఏడాది కెర్నెల్‌లోనే ఒక ముసుగు చేర్చారు, అది వేసుకుంటే 3.0 తనని తాను 2.6.40 అని చెప్పుకుంటుంది.

ఇదేమీ లినక్స్‌కే పట్టిన శని కాదు. విండోస్ 95 అసలు నంబరు 4.0. కానీ పాత ప్రోగ్రాములు నంబరు అడిగితే 3.95 అని అబద్ధం చెప్పేది. ఎందుకంటే "3.10 కానీ ఆపైది కానీ కావాలి" అని సరిచూడబోయి, చాలామంది చుక్కకి ముందున్నది 3 కన్నా తక్కువ కాకూడదు, చుక్క తర్వాతున్నది 10 కన్నా తక్కువ కాకూడదు అని విడివిడిగా రాసేశారు. 4.0లో చుక్క తర్వాత సున్నా. ఫెయిలు!

కెర్నెల్‌కి ఇంకో దెబ్బ 2021 ఫిబ్రవరిలో తగిలింది. నంబరులో చివరి అంకెకి ఎనిమిది బిట్లే కేటాయించారు, 255 దాటదు. 4.9 వరసలో దిద్దుబాట్లు పెరిగి పెరిగి 4.9.256 వచ్చేసింది. పాత సూత్రం ప్రకారం లెక్కవేస్తే అది 4.10.0 అయి కూర్చుంటుంది. అందుకని 4.9.256ని నంబరు మార్పు తప్ప ఇంకేమీ లేకుండా విడిగా విడుదల చేశారు, ఎవరి ప్రోగ్రాములు వాళ్ళు పరీక్షించుకోమని. తర్వాత ఆ లెక్కలో చివరి అంకెని 255 దగ్గర ఆపేశారు.

ఇదంతా చదివాక నాకు అర్థమైందేమిటంటే, మా అయిదు చోట్లనీ ఒకటి చేసినా ఆరోది బయటెక్కడో ఉంటుంది, వేరేవాళ్ళు మన నంబరు చదివి ఏదో నిర్ణయం తీసుకునే చోట. అది ప్రోగ్రామే కానక్కర్లేదు. ఫొటో తీసి పంపిన మనిషి కావచ్చు. మా అకౌంట్స్ పెద్దావిడ కావచ్చు.

సరే, మా సంగతి. మావెన్‌లో పిల్ల పామ్ ఫైళ్ళన్నిటిలోనూ తల్లి నంబరు మళ్ళీ రాయాలి. 2017లో వచ్చిన 3.5.0 నుంచి ఆ చోట ఒక వేరియబుల్ పెట్టి, నంబరు ఒక్కచోటే రాసుకునే వీలిచ్చారు. ఆ వీలు వచ్చి ఏళ్ళు గడిచినా మేం వాడుకోలేదు. ఇప్పుడు వాడుతున్నాం. స్క్రీను మీద ఒక్క నంబరు చూపించడం మానేసి, ప్రతి భాగాన్నీ దాని నంబరు దాన్నే చెప్పమంటున్నాం, తేడా ఉంటే ఎర్రగా కనిపిస్తుంది. డేటాబేసు టేబులు కూడా బిల్డే నింపుతుంది. మాన్యువల్ అట్ట మీద నంబరు తీసేశాం, ఎవరూ అడగలేదు.

ఇన్‌స్టాలరు స్క్రిప్టులో మాత్రం ఇంకా చేత్తోనే రాస్తున్నాం. అది మార్చడం ఎవరి వల్లా కాలేదు. పామ్ ఫైలులో ఉన్నదానితో సరిపోకపోతే బిల్డు ఫెయిలయ్యేలా ఒక చెక్కు పెట్టా. పోయిన నెల రెండుసార్లు ఫెయిలైంది. రెండుసార్లూ మార్చడం మర్చిపోయింది నేనే.