మెదడు గాయాలకు మందుల అన్వేషణ

తలకు బలమైన దెబ్బ తగిలినప్పుడు మెదడుకు జరిగే నష్టాన్ని తగ్గించే మందు కోసం అర్ధశతాబ్దానికి పైగా ప్రయత్నాలు సాగుతున్నాయి. ఎలుకల్లో పనిచేసిన పదార్థాలు ఎన్నో మనుషుల్లో విఫలమయ్యాయి. గాయపడ్డ మెదడు కణాలను కాపాడుతుందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించిన మందు ఇప్పటికీ ఒక్కటీ లేదు.

దెబ్బ తగిలిన క్షణంలోనే తెగిపోయిన నాడీ తంతువులను ఏ మందూ అతికించలేదు. అందుకే ఆశంతా తరువాతి గంటల మీద, రోజుల మీద. దెబ్బతిన్న కణాల నుంచి గ్లుటమేట్ అనే నాడీ రసాయనం మోతాదు మించి వెలువడుతుంది, పక్క కణాల్లోకి కాల్షియం చొరబడుతుంది, మెదడు వాస్తుంది. పుర్రె సాగదు గనుక లోపల ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ మందగిస్తుంది. ఈ వరసలో ఎక్కడో ఒకచోట అడ్డుకట్ట వేయాలన్నదే దాదాపు ప్రతి ప్రయోగం వెనకున్న ఆలోచన.

మొదట స్టెరాయిడ్లు వచ్చాయి. మెదడు కణితుల చుట్టూ ఉండే వాపును డెక్సామెథసోన్ తగ్గిస్తుందని 1960ల ఆరంభంలో తేలింది. వాపు ఎక్కడైనా వాపే కదా అని తల గాయాలకూ స్టెరాయిడ్లు ఇవ్వసాగారు. తరువాత జరిగిన చిన్న చిన్న పరీక్షలు మేలో కీడో తేల్చలేకపోయాయి. చివరికి బ్రిటన్ పరిశోధకుల ఆధ్వర్యంలో, అనేక దేశాల ఆసుపత్రుల్లో ‘క్రాష్’ అనే పరీక్ష మొదలైంది. 20,000 మందిని చేర్చుకోవాలనుకున్నారు, 10,008 మంది దగ్గరే ఆపేయాల్సి వచ్చింది. రెండు వారాల్లోపు మరణాలు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినవారిలో 21.1 శాతం, ఉత్తుత్తి మందు ఇచ్చినవారిలో 17.9 శాతం. 2004లో ఈ ఫలితాలు వెలువడే దాకా, మంచి చేస్తున్నామన్న నమ్మకంతో వైద్యులు దశాబ్దాల పాటు రోగులకు కీడు చేశారన్నమాట. ఈ చరిత్రలో ఇంతకన్నా చేదు ఘట్టం లేదు.

స్త్రీ హార్మోన్ ప్రొజెస్టెరాన్ కథ వేరు. మెదడు గాయం తరువాత ఆడ ఎలుకలు మగవాటికన్నా బాగా కోలుకోవడం అమెరికా శాస్త్రవేత్త డోనల్డ్ స్టైన్ దృష్టిలో పడింది. ఆ హార్మోన్ వెంట ఆయన దశాబ్దాలు నడిచారు. 2007లో 100 మందిపై అట్లాంటాలోనూ, 2008లో 159 మందిపై చైనాలోనూ చేసిన పరీక్షలు ఆశ పెంచాయి. కానీ 2014లో వెలువడిన రెండు పెద్ద పరీక్షల్లో (ఒకటి 882 మందిపై, మరొకటి 1,195 మందిపై) ప్రయోజనమేమీ కనిపించలేదు. మెగ్నీషియం, డెక్సానబినాల్, ఎరిత్రోపాయిటిన్ కూడా ఇలాగే వెనుదిరిగాయి. 2012లో 1,213 మందిపై జరిగిన పరీక్షలో సిటికోలిన్ తేలిపోయింది. అయినా మన దగ్గర మందుల చీటీల్లో అది ఇంకా కనిపిస్తూనే ఉంది.

వైఫల్యానికి మూలం చాలావరకు పరీక్షల కూర్పులోనే ఉంది. ప్రయోగశాలలో ఎలుకలన్నిటికీ ఒకే వయసు, ఒకే చోట ఒకే బలంతో దెబ్బ, కొద్దిసేపటికే మందు. ఆసుపత్రికి వచ్చే మనిషికి కాలు కూడా విరిగి ఉండవచ్చు, మద్యం తాగి ఉండవచ్చు, దారిలోనే గంటలు గడిచి ఉండవచ్చు. 1974లో టీస్‌డేల్, జెన్నెట్ రూపొందించిన గ్లాస్గో కోమా స్కేలు స్పృహ స్థాయిని చెబుతుంది, లోపల ఏం జరిగిందో చెప్పదు. బైకు మీద నుంచి పడి నాడీ తంతువులు తెగిన యువకుడికీ, స్నానాలగదిలో జారిపడి పుర్రె కింద రక్తం గడ్డకట్టిన వృద్ధురాలికీ ఒకే అంకె రావచ్చు. ఇద్దరినీ ఒకే జాబితాలో వేసి ఒకే మందు ఇస్తే, ఒకరికి కలిగే మేలు సగటులో కలిసిపోయే వీలుంది.

కాస్తో కూస్తో నిలబడినవి పరిమిత లక్ష్యంతో వచ్చిన మందులే. ఫెనిటాయిన్ మొదటి వారంలో మూర్ఛలను తగ్గిస్తుందని, ఆ తరువాత వచ్చేవాటిని ఆపలేదని 1990లో తేలింది. అధిక రుతుస్రావానికి వాడే చవక మందు ట్రానెక్సామిక్ ఆమ్లాన్ని 2019 నాటి ‘క్రాష్-3’లో 12,737 మందిపై పరీక్షించారు. మూడు గంటల్లోపు ఇచ్చినప్పుడు, స్వల్ప, మధ్యస్థ గాయాలున్నవారిలో తల గాయం వల్ల మరణాలు 7.5 నుంచి 5.8 శాతానికి తగ్గాయి. తీవ్ర గాయాల్లో ఆ తేడా కనిపించలేదు. అది రక్తస్రావాన్ని అదుపు చేసే మందు, మెదడు కణాలకు నేరుగా చేసేదేమీ లేదు. స్పృహ సరిగా రానివారు వేగంగా కోలుకోవడానికి అమాంటడిన్ తోడ్పడుతుందని 2012లో 184 మందిపై జరిగిన అధ్యయనం చూపింది. మందు ఆపాక ఆ వేగం తగ్గింది.

ఇప్పుడు దృష్టి గాయాలను విడదీసి గుర్తించడం మీదికి మళ్లింది. జీఎఫ్ఏపీ, యూసీహెచ్-ఎల్1 అనే ప్రోటీన్లను కొలిచే రక్తపరీక్షకు 2018లో అమెరికాలో అనుమతి లభించింది. స్పృహ అంకెతో పాటు రక్తపరీక్ష, స్కానింగు, రోగి పూర్వ పరిస్థితులను కూడా లెక్కలోకి తీసుకునే కొత్త వర్గీకరణను 2025లో అంతర్జాతీయ నిపుణుల బృందం ప్రతిపాదించింది.