అలుకు, సున్నం, శ్రమ: కొత్తపట్నం తీరంలో ఇంటి వార్షిక మరమ్మతు చరిత్ర

ఒంగోలుకు తూర్పున ఇరవై కిలోమీటర్ల లోపే ఉన్న కొత్తపట్నం చరిత్ర గ్రంథాలలో ప్రధానంగా ఒక చిన్న రేవుగా కనిపిస్తుంది. ఒంగోలు తాలూకా 1904 వరకు నెల్లూరు జిల్లాలోను, ఆ తరువాత గుంటూరు జిల్లాలోను ఉండి, 1970 ఫిబ్రవరి 2న ఏర్పడిన కొత్త జిల్లాలో చేరింది. ఈ మూడు దశలలోనూ రెవెన్యూ యంత్రాంగం భూమిశిస్తును, ఉప్పును, సరుకు రవాణాను లెక్కించింది. ఆ భూమిని దున్నినవారు, ఆ ఉప్పును మోసినవారు నివసించిన గది లోపలి సంగతి మాత్రం దస్తావేజులలోకి దాదాపుగా రాలేదు. స్వల్ప ఆదాయంతో ఆ గదిని ఏటేటా ఎలా బాగుచేసుకున్నారు, ఎలా సర్దుకున్నారు అన్నది గృహచరిత్రలో ఒక ముఖ్యమైన ప్రశ్న. ఆ పనికి అయిన ఖర్చు తక్కువని చెప్పడం పరిపాటి. ఆ ఖర్చును ఏ కొలమానంతో కొలిచారన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కాలము, మట్టి, పండుగ

తీరానికి పడమటగా పత్తి, మిరప పండే నల్లరేగడి విస్తరించి ఉంది. రేగడి తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు నెర్రెలు విచ్చుతుంది. పైరుకు మేలు చేసే ఈ గుణమే గోడకు కీడు చేస్తుంది. అందువల్ల గోడలకూ పూతకూ ఎర్రమన్ను తెచ్చుకోవలసి వచ్చేది. తీరం వెంబడి ఇసుక నేల. అక్కడ తాటిచెట్టే గృహనిర్మాణానికి ఆధారం: మొద్దు దూలమై, ఆకు కప్పు అయ్యేది. పందొమ్మిదో శతాబ్దంలో ఇసుక దిబ్బలపై సరుగుడు తోటలు వచ్చిన తరువాత వాసాలకు సరుగుడు కర్ర కూడా తోడైంది.

ఈ ప్రాంతంలో పెద్ద వానలు అక్టోబరు, నవంబరు నెలలలో పడతాయి. తుపానుల కాలమూ అదే. వాన జల్లుకు మట్టిగోడ అడుగు కరుగుతుంది, నేల అలుకు లేచిపోతుంది, చూరు కింద పూత చారలు కడుతుంది. డిసెంబరుకు తడి ఆరుతుంది, కొత్త పంట ఇంటికి వస్తుంది, చేతిలో కొంత డబ్బు ఆడుతుంది. సంక్రాంతికి ముందు ఇల్లు బాగుచేసుకునే ఆచారానికి వెనుక ఈ వాతావరణ క్రమం ఉంది. పాత చాపలు, విరిగిన కొయ్యసామాను భోగిమంటలో వేయడాన్ని మత విశ్వాసంగా మాత్రమే వివరించే రచనలు దాని గృహప్రయోజనాన్ని విస్మరిస్తున్నాయి. మిరపకోతలు సాగి, పొలం సరుకు ఇంటికి చేరబోయే ముందు గదిలో చోటు ఖాళీ చేసుకోవడం అవసరం. తాటాకు కప్పు మార్చడం మాత్రం వేసవి పని. ఆకు నాణ్యతను బట్టి రెండు మూడేళ్ళకొకసారి అది తప్పేది కాదు.

సున్నానికి సముద్రమే ముడిసరుకునిచ్చింది. నత్తగుల్లలు, ఆల్చిప్పలు కాల్చి చేసే గుల్లసున్నం కోరమండల్ తీరమంతటా వాడుకలో ఉంది. పెదగంజాం నుండి మద్రాసు దాకా సాగిన బకింగ్‌హాం కాలువ మీద ఉప్పు, వంటచెరకులతో పాటు గుల్ల, సున్నం కూడా పడవలపై రవాణా అయ్యేవి. విరగకాచిన సున్నంలో తుమ్మజిగురో గంజో కలిపితే గోడకు ఆనుకున్నవారి బట్టకు అంటదు. కొద్దిగా నీలిమందు కలిపితే పసుపు ఛాయ పోయి తెల్లదనం నిగ్గు తేలుతుంది. గోడ అడుగున జేగురు పట్టీ అలంకారంగా కనిపించినా, కల్లాపి చల్లినప్పుడు చిందే మరకలను కప్పడం దాని అసలు పని. సున్నపు క్షారం పురుగును చంపుతుంది కనుకనే అంటువ్యాధుల వేళ వలసకాలపు పారిశుద్ధ్య అధికారులు కూడా దానినే ఆశ్రయించారు.

ఒకే గది, పలు ఉపయోగాలు

పూరింట్లో తరచుగా ఒకే గది, ముందు ఒక పంచ. ఆ గదికి శాశ్వతమైన పేరు లేదు. ఉదయం వంటిల్లు, మధ్యాహ్నం పనిచోటు, రాత్రి పడక. ఇందుకు అనువుగా సామాను నేల మీది నుండి పైకి జరిగింది. మట్టిగోడ కట్టేటప్పుడే వదిలిన గూళ్ళలో దీపం, దువ్వెన, పసుపు కుంకుమలు. వాసానికి వేలాడే ఉట్టిలో పాలు, పెరుగు. దండెం మీద బట్టలు. అటక మీద ఏడాదికొకసారి వాడే పాత్రలు. మత్స్యకార పాలేలలో వలలు, తెడ్లు చూరుకు ఎక్కేవి. నులక మంచం పగలు గోడకు నిలబడేది. ఈ వసతులలో వేటికీ విడిగా కొనుగోలు లేదు. కొంత గోడలో, కొంత కప్పులో ముందే అమరి ఉన్నాయి. మెట్ట గ్రామాలలో పత్తి, మిరప గోతాలు ఇంట చేరిన నెలలలో మనుషులు పంచలోకి జరిగేవారు. సర్దుబాటు అన్న మాట ఇక్కడ సామానుకే కాక మనుషులకూ వర్తిస్తుంది.

ఈ ఏర్పాటును నేటి పర్యావరణ రచనలు తరచుగా ఆదర్శంగా చూపుతాయి. ఆ ప్రశంస సగమే సత్యం. నేల అలుకు వారానికొకసారి, వాకిట కల్లాపి రోజూ, గోడ పూత ఏటా జరగాలి. మన్ను తవ్వి తేవడం, నానబెట్టి తొక్కడం, పేడ సేకరించడం, మోకాళ్ళ మీద వంగి అలకడం చాలా వరకు స్త్రీల పనులు. వాటికి కూలి లేదు కనుక అవి ఖర్చులోకి రాలేదు. పేడ కూడా అందరికీ ఉచితం కాదు. ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ దాకా వెళ్ళి, ఎగుమతి నాటి జిల్లా పేరుమీద అక్కడ ‘నెలోరె’ అని ప్రసిద్ధి పొందాయి. అదే సీమలో పశువు లేని కూలి కుటుంబపు స్త్రీ దారివెంట పేడ ఏరుకోవలసి వచ్చింది. ఆ పేడతో పిడకలు చేయాలా, నేల అలకాలా అన్నది ఆమె రోజూ తేల్చుకోవలసిన లెక్క.

సలహాదారుల గది

గృహనిర్వహణను స్త్రీధర్మంగా బోధించే తెలుగు పత్రికారచన 1883లో కందుకూరి వీరేశలింగం ప్రారంభించిన ‘సతీహితబోధిని’ కాలం నుండి ఉంది. ఒంగోలు ప్రాంతంలోని ఇనమనమెళ్ళూరులో పుట్టిన డాక్టర్ కె.ఎన్. కేసరి 1928లో మద్రాసు నుండి ‘గృహలక్ష్మి’ మాసపత్రికను స్థాపించారు. ఇటువంటి పత్రికలు స్త్రీవిద్యకు, ఆరోగ్య పరిజ్ఞానానికి చేసిన సేవ గొప్పది. అయితే వాటి పాఠకురాలు అక్షరాస్యురాలు, పట్టణ మధ్యతరగతికి దగ్గరగా ఉన్నది. వంటిల్లు, పడకగది, ముందుగది వేరువేరుగా ఉన్న ఇంటికి పనికివచ్చే సలహా ఒంటిగది పూరింట్లో నిలవదు.

ఇటువంటి దూరమే 1950 దశాబ్దంలో పొగరాని పొయ్యి విషయంలోనూ కనిపిస్తుంది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయంలో ఎస్.పి. రాజు దానిని రూపొందించి 1953లో దానిపై పుస్తకం ప్రచురించారు. 1952 అక్టోబరు 2న మొదలైన సమాజ వికాస పథకం ఇటువంటి సంస్కరణలను పల్లెలకు చేర్చడానికి పూనుకుంది. గోడల మసి తగ్గడం, స్త్రీల కళ్ళకూ ఊపిరితిత్తులకూ ఉపశమనం కలగడం నిస్సందేహంగా మేలు. కాని తాటాకు కప్పులోంచి పొగగొట్టం తీయడం నిప్పుతో చెలగాటం. పైగా ఆ పొగే ఆకుకు పురుగు పట్టకుండా కాపాడేది. గదిని శుభ్రపరిచే సాధనం కప్పు ఆయుష్షును తగ్గించే అవకాశం ఉందన్న సంగతి గృహిణికి అనుభవంలో తెలుసు. అందుచేత ఆమె వెనుకాడితే దానిని మూఢత్వంగా లెక్కించడం న్యాయం కాదు.

1977 తరువాత

1977 నవంబరు 19 తుపాను, దానితో వచ్చిన ఉప్పెన కృష్ణా, గుంటూరు, ప్రకాశం తీరాలలో వేలాది మందిని బలిగొన్నాయి. పూరిల్లు మరమ్మతుకు ఎంత సులువో, ఉప్పెన ముందు అంత నిస్సహాయం. తుపాను ఆశ్రయ భవనాలు, పక్కా ఇళ్ళు ఆ తరువాత ప్రభుత్వ విధానంలో ప్రాధాన్యం పొందాయి. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1985లో కేంద్రం ఇందిరా ఆవాస్ యోజనను ప్రారంభించింది. 2004 డిసెంబరు 26 సునామీ ఈ అవసరాన్ని మరొకసారి గుర్తుచేసింది.

సిమెంటు నేల అలుకు పనిని తప్పించింది. ఇది చిన్న మార్పు కాదు. స్త్రీల వారపు శ్రమలో పెద్ద భాగం దానితో తగ్గింది. అటక స్థానంలో సజ్జ వచ్చింది, గూళ్ళ స్థానంలో కొనితెచ్చుకునే బీరువా, ప్లాస్టిక్ అరలు వచ్చాయి. సున్నం పోయి డిస్టెంపర్ వచ్చాక రంగు వేయడం ఏటి పని కాకుండా పోయింది. ఇంట్లో పెళ్ళి కుదిరినప్పుడో, మిరపకు మంచి ధర పలికినప్పుడో చేసే నగదు వ్యయంగా మారింది.

అంతకంటే లోతైన మార్పు మరొకటి ఉంది. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి చొరబడి ఇనుప ఊచలను తుప్పు పట్టిస్తుంది. కలిపిన ఇసుకలోనో నీటిలోనో ఉప్పు ఉంటే ఆ ప్రక్రియ మరింత వేగిరం అవుతుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బి, కప్పు పెచ్చులూడుతుంది. దానిపై ఎన్ని పూతలు వేసినా నిలవవు. మట్టిగోడ బీటను ఇంటి మనిషి పిడికెడు మన్నుతో పూడ్చుకోగలిగింది. తుప్పు పట్టిన ఊచకు మేస్త్రీ కావాలి, అతనికి కూలి, సామాగ్రి కావాలి. మరమ్మతు నైపుణ్యం ఇంటి నుండి బజారుకు తరలింది.

ప్రభుత్వ గణాంకాలు ఈ పరిణామంలో ఒక పార్శ్వాన్నే నమోదు చేశాయి. జనగణన ఇంటి కప్పు, గోడ, నేల దేనితో కట్టినవో అడుగుతుంది. ఆ ఇంటిని నిలబెట్టడానికి ఇంటివారు వెచ్చించిన గంటలను అడగదు. వేతనం లేని ఇంటిపనిని కొలవడానికి 1998–99లో జరిగిన ప్రయోగాత్మక కాలవినియోగ సర్వే ఆరు రాష్ట్రాలకు పరిమితమైంది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. దేశవ్యాప్త సర్వే 2019లో జరిగేనాటికి తీర గ్రామాలలో సిమెంటు నేల సర్వసాధారణమైపోయింది.