పేరు పెట్టిన మనిషి

సాఫ్ట్‌వేర్ చరిత్ర చదువుతుంటే మగపేర్లే వరసగా ఎదురవుతాయి. 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్, 1991లో లినక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్. ప్రోగ్రాం రాసిన కోడ్‌ను అందరూ చదవొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అనే ఈ పద్ధతిని ఇవాళ లోకమంతా 'ఓపెన్ సోర్స్' అంటోంది. మరి ఆ మాట ఎవరిది? సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కాబట్టి నాకు ముందుగా తట్టిన ప్రశ్న ఇదే. ఆ మాట క్రిస్టీన్ పీటర్సన్ అనే స్త్రీది.

ఆమె ఎం.ఐ.టి.లో కెమిస్ట్రీ చదివింది. 1986లో ఎరిక్ డ్రెక్స్‌లర్‌తో కలిసి, నానోటెక్నాలజీ మంచిచెడ్డల గురించి ఆలోచించే ఫోర్‌సైట్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించింది. ప్రోగ్రాములు రాసి పేరు తెచ్చుకున్న మనిషి కాదు.

అప్పటికి వాడుకలో ఉన్న మాట 'ఫ్రీ సాఫ్ట్‌వేర్'. ఇంగ్లీషులో 'ఫ్రీ' అంటే ఉచితమూ, స్వేచ్ఛా కూడా. కొత్తవాళ్లకు ముందు ధరే గుర్తొచ్చేది. స్వేచ్ఛ సంగతి ప్రతిసారీ విడమరిచి చెప్పాల్సి వచ్చేది. మన భాషలో ఈ చిక్కు లేదు. హైదరాబాదులో తెలుగు లినక్స్ కోసం పనిచేసినవాళ్లు తమ సంస్థకు 'స్వేచ్ఛ' అనే పేరు పెట్టుకున్నారు.

1998 జనవరిలో నెట్‌స్కేప్ కంపెనీ తన బ్రౌజర్ కోడ్‌ను బయటపెడతానని ప్రకటించింది. ఆ అవకాశాన్ని ఎలా వాడుకోవాలో చర్చించడానికి ఫిబ్రవరి మొదటి వారంలో కొద్దిమంది సిలికాన్ వ్యాలీలో సమావేశమయ్యారు. పీటర్సన్ దగ్గర కొత్త మాట సిద్ధంగా ఉంది. కానీ ప్రతిపాదించలేదు. ఆ బృందంలో తనకంత అధికారం లేదనుకుంది. ఆ మాట ముందే విని ఉన్న టాడ్ ఆండర్సన్ దాన్ని ఏ వివరణా లేకుండా మాటల మధ్య వాడేశాడు. కాసేపటికి మరొకరి నోట అదే మాట వచ్చింది. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏప్రిల్‌లో టిమ్ ఓరైలీ ఏర్పాటు చేసిన సమావేశంలో ఓటు వేసి మరీ ఆ పేరును ఎంచుకున్నారు.

ఇందులో దొంగతనం లేదు. ఆండర్సన్ తెలివిని ఆమె మెచ్చుకుంది. మాట ఆమెదేనని ఎరిక్ రేమండ్ కూడా చెప్పాడు. అయినా ఒక స్త్రీ ఆలోచన మగగొంతులో పలికాకే చెల్లుబాటు కావడం మనకు కొత్త కాదు కదా! ఆమె ఈ అనుభవాన్ని 2006లో రాసిపెట్టుకుంది. అది అచ్చుకు వచ్చింది 2018లో, 20 ఏళ్లు నిండాక.

అదే 2006లో గ్నోమ్ ప్రాజెక్టులో పనిచేయడానికి గూగుల్ వేసవి కార్యక్రమం కింద 181 దరఖాస్తులు వస్తే అందులో ఒక్క స్త్రీ లేదు. స్త్రీలను ప్రత్యేకంగా పిలిచేసరికి సుమారు 100 మంది ముందుకొచ్చారు. ఆసక్తి లేకనా అంతకుముందు రానిది?

కొత్త పేరు స్వేచ్ఛను వెనక్కి నెట్టి, సౌలభ్యాన్ని ముందుకు తెచ్చిందని స్టాల్‌మన్ విమర్శ. అందులో నిజముందనే నేనూ అనుకుంటాను. వ్యాపార సంస్థలకు ఆ మాట సులువుగా నచ్చింది. ఒక్క పేరు ఒక ఉద్యమం నడకనే మార్చగలిగిందంటే, పేరు పెట్టడం చిన్న పనేమీ కాదు. కోడ్ రాసినవాళ్లతో పాటే పీటర్సన్‌కూ చరిత్రలో చోటివ్వాలి. అప్పుడే ఆ మాట తెచ్చిన మంచికి ఆమెను మెచ్చుకోగలం, దానివల్ల మరుగున పడినదాని గురించి ఆమెతోనే వాదించగలం.