చిత్రాంగి మిగిలింది, మీననాథుడు పోయాడు

శివరాత్రి దగ్గరపడితే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బస్టాండుల్లో రెండు రకాల భక్తులు కనిపిస్తారు. మేళ్లచెరువు శంభులింగేశ్వరుడి జాతరకు పోయేవాళ్లు ఒక రకం. వీళ్ల సంచి చిన్నది, తొందర పెద్దది. స్వామి దర్శనం ఎంత ముఖ్యమో అక్కడి ఎడ్ల పందేలూ అంతే ముఖ్యం. శ్రీశైలం పోయేవాళ్లు రెండో రకం. వీళ్లు దుప్పట్లు, అటుకులు, బిందెడు ఓపిక వెంట తెచ్చుకుంటారు. ఖమ్మం రోడ్డు మీద మోతెలో బస్సు ఎక్కేవాళ్లలో రెండు రకాలూ ఉంటారు. ఒక్కపొద్దు, జాగారం, కందగడ్డలు మాత్రం అందరికీ సమానమే.

పత్రికలకూ శివరాత్రి ఒక గడువే. ఆ వారం శ్రీశైలం మీద ఓ వ్యాసం పడి తీరాలి. మల్లన్న, భ్రమరాంబ, చెంచులు, అక్కమహాదేవి, శివాజీ అనే వరుస ఏటా అదే. అందులో ఎన్నడూ చోటు దొరకనివాళ్లు సిద్ధులు. దేవుణ్ని చూసి దండం పెట్టుకోవడంతో ఆగని మనుషులు వాళ్లు. తమ ఒంటినే బట్టీగా చేసుకుని, ఊపిరిని పట్టి, లోపలి శక్తిని కదిలించి, ఏమవుతుందో తామే చూసుకున్నారు. ఈ పనినే చైనాలో టావో సాధకులు ‘చీ’ పేరుతో చేశారు. ఇక్కడివాళ్లు ప్రాణం అన్నారు. రెండూ ఒకటేనని బల్లగుద్ది చెప్పడం సాహసం గానీ, పొరుగు ఇళ్లవని మాత్రం చెప్పొచ్చు.

చైనా అంటే దూరమనిపిస్తుంది. కృష్ణ ఒడ్డున ఆ పేరు రాతి మీదికెక్కి పదిహేడు వందల ఏళ్లు దాటింది. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో బోధిసిరి అనే ఉపాసిక ఒక చైత్యం కట్టించింది. ఆమె శాసనంలో కాశ్మీర, గాంధార దేశాల పక్కనే ‘చీన’ ఉంటుంది. ఆ దేశాలన్నిటికీ ధర్మం చేరవేసిన సింహళ భిక్షువుల కోసం కట్టిన చైత్యమది. నాగార్జునకొండ శాసనాలు ఆ చోటును సిరిపవత అన్నాయి. శ్రీపర్వతమన్న ఆ పేరు తర్వాత ఎగువకు నడిచి శ్రీశైలానికి స్థిరపడింది. సూర్యాపేట జిల్లాలోనే ఉన్న ఫణిగిరిలో మరో ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరంలో ధర్మచక్ర స్తంభం నిలిపినవాడు రాజుగారి ప్రధాన వైద్యుడు. మందు నూరే చెయ్యీ, ముక్తి వెతికే చెయ్యీ ఈ నేల మీద మొదటి నుంచీ ఒకదాన్నొకటి పట్టుకునే నడిచాయి.

నాగార్జునుడి పేరు చుట్టూ అల్లుకున్న కథలే దీనికి సాక్ష్యం. తత్త్వవేత్త నాగార్జునుడూ, రసవాది నాగార్జునుడూ ఒకరా ఇద్దరా అన్న తగవు పండితులది. 7వ శతాబ్దిలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్‌కు ఆ తగవు పట్టలేదు. ఆయన విన్న కథలో ఒక సాతవాహన రాజు నాగార్జునుడి కోసం కొండను తొలిపించి విహారం కట్టిస్తాడు. సగంలో ఖజానా ఖాళీ అవుతుంది. నాగార్జునుడు బండరాళ్ల మీద మందు చుక్కలు చల్లితే అవి బంగారమవుతాయి. ఆయన దగ్గర ఆయుష్షు పెంచే మందు కూడా ఉండటంతో రాజు ఎంతకీ చావడు. సింహాసనం కోసం ఎదురుచూసి విసిగిన రాకుమారుడు వెళ్లి, తల దానమివ్వమని నాగార్జునుణ్నే అడుగుతాడు. ఆయన ఒక ఎండు గడ్డిపోచతో మెడ కోసుకుంటాడు. గురువు పోయాడని విన్న రాజూ పోతాడు.

ధాన్యకటకంలో నెలల తరబడి ఉండి, ఇద్దరు భిక్షువుల దగ్గర అభిధర్మం చదువుకున్న ఈ యాత్రికుడు ఇంటికి చేరాక మరో పని నెత్తినేసుకోవాల్సి వచ్చింది. టావో మార్గానికి మూలమైన లావోత్సె గ్రంథాన్ని సంస్కృతం చేయమని 647లో చక్రవర్తి తాయ్‌జుంగ్ ఆజ్ఞ వేశాడు. ఆ పనికి టావో పండితులతో కలిసి కూర్చోవడం, వాదులాడుకోవడం రెండూ జరిగాయి. అదే చక్రవర్తి మరుసటేడు భారతదేశం నుంచి వచ్చిన నారాయణస్వామి అనే రసవాదిని కూర్చోబెట్టి చావులేని మందు చేయించుకున్నాడు. తన వయసు రెండు వందలని ఆ స్వామి చెప్పుకున్నాడు. మందు పనిచేయలేదు. 649లో చక్రవర్తి పోయాడు.

మన దగ్గర పరిస్థితి ఇంతకంటే గొప్పగా ఏమీ లేదు. అదే శతాబ్దిలో బాణుడు కాదంబరిలో ఒక ముసలి ద్రావిడ సాధువును నిలబెట్టాడు. శ్రీపర్వతపు వింతలు ఆయనకు వేలకొద్దీ కంఠస్థం. ఎవడో ఇచ్చిన సిద్ధాంజనం పెట్టుకుని ఒక కన్ను పోగొట్టుకున్నాడు. సరిగా వండని రసాయనం మింగి జ్వరం తెచ్చుకున్నాడు. శ్రీశైలం మీద ఇంత ముద్దొచ్చే వెటకారం సంస్కృతంలో మరొకటి దొరకదు.

పాదరసం, గంధకం మింగి మనుషులు చస్తున్నారన్న సంగతి చివరికి రెండు దేశాల్లోనూ అర్థమైంది. చైనాలో టాంగ్ చక్రవర్తి వూజుంగ్ 846లో అలాంటి మందులకే బలయ్యాడు. బయటి బట్టీని ఆర్పి లోపలి బట్టీని వెలిగించే ‘అంతర రసవాదం’ ఆ కాలం నుంచే బలపడింది. బొడ్డు కింది స్థానం కుండ, ఊపిరి కొలిమి తిత్తి, వీర్యమూ ప్రాణమూ మనసూ అందులో ఉడికే సరుకు. 1075లో ఝాంగ్ బోదువాన్ ఈ విద్యను పద్యాలుగా కట్టాడు. ఇటు మన నాథ యోగులు బిందువు, ప్రాణం, మనసు అన్న మూడింటినీ కలిపి కట్టే హఠయోగం దిద్దుకున్నారు. ఒకటి నిలిస్తే మిగతా రెండూ నిలుస్తాయన్నది వాళ్ల సూత్రం. ఎవరు ఎవరి దగ్గర నేర్చారన్న ప్రశ్నలోకి ఇక్కడ దిగితే తెల్లవారిపోతుంది. మూడున్నర వందల ఏళ్లు ఒక్క గంతులో దాటి, శ్రీశైలంలో గౌరన ముందు ఆగడం మేలు.

గౌరన పాత నల్గొండ మనిషి అనుకోవచ్చు. రాచకొండ రేచెర్ల ప్రభువుల కొలువులో మంత్రిత్వం చేసిన ఇల్లు వాళ్లది. 15వ శతాబ్ది తొలి సగంలో రాసిన ద్విపద హరిశ్చంద్రతో ఆయనకు పేరొచ్చింది. ఆయనే రాసిన నవనాథ చరిత్ర మాత్రం తెలుగు సాహిత్య చరిత్రల్లో నాలుగు వాక్యాలకు మించి చోటు సంపాదించలేదు. శ్రీశైలంలోని భిక్షావృత్తి మఠం అధిపతి ముక్తిశాంతుడు రాయించిన కావ్యమది. శ్రీగిరి కవి పద్యాల్లో చెప్పిన తొమ్మిది మంది సిద్ధుల కథను ద్విపదలోకి మార్చమని ఆయన అడిగాడు. అడిగింది వీరశైవ మఠం, కథ నాథ సిద్ధులది. కొండ మీద అధికారం మారినా కొండకున్న మహిమ చేజారకూడదన్న తెలివి ఆ మఠాధిపతిది కావచ్చు. ద్విపద ఎంచుకోవడం ఇంకా తెలివి. చదువు రానివాడు కూడా తాళం కొట్టుకుంటూ పాడుకోగలడు.

ఆ తొమ్మిది మందిలో సారంగధరుడు ఒకడు. ఈ పేరు వినగానే తెలుగువాళ్లకు పావురం గుర్తొస్తుంది. పావురం ఎగిరి సవతి తల్లి చిత్రాంగి మేడలో వాలుతుంది. దాని కోసం రాకుమారుడు లోపలికి పోతాడు. ఆమె మనసుపడుతుంది, అతను కాదంటాడు, ఆమె మొగుడితో తిరగేసి చెబుతుంది. రాజు విచారణ లేకుండా కొడుకు కాళ్లు చేతులు నరికించి అడవిలో పారేయిస్తాడు. నాటకాల్లో ప్రేక్షకులు కన్నీళ్లు పెట్టుకునే చోటు ఇదే.

గౌరనకు మాత్రం అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. నెత్తుటి మడుగులో పడి ఉన్న మొండెం దగ్గరికి మీననాథుడు వస్తాడు. చేప కడుపులో ఉండి, శివుడు పార్వతికి చెబుతున్న యోగ రహస్యం దొంగచాటుగా విన్నవాడని నాథుల కథలు చెప్పే సిద్ధుడు ఈయనే. చదువు చాటుగా విన్నదే అయినా, దాచుకోకుండా పంచిపెట్టాడు. సారంగధరుడికి ఆయన కాళ్లు చేతులు మంత్రించి అతికించలేదు. యోగం ఉపదేశించి, నువ్వే చేసుకో అన్నట్టు తన దారిన తాను వెళ్లిపోయాడు. ఆకలి తీర్చడానికి మాత్రం ఆ అడవిలో పశువులు కాసుకునే కుర్రాణ్ని కుదిర్చాడు.

తెలుగు కథల్లో ఇలాంటి బడి మరొకటి లేదు. శిష్యుడికి చేతులు లేవు కాబట్టి ముద్ర పట్టలేడు. కాళ్లు లేవు కాబట్టి పద్మాసనం వేయలేడు. గురువు పక్కన లేడు, పుస్తకం తిప్పడానికి వేలు లేదు. మిగిలింది ముక్కు రంధ్రాల్లో ఆడే గాలి, దాన్ని గమనించే మనసు. ఆ రెండింటితోనే రాకుమారుడు సాధన చేశాడు, అవయవాలు చివుళ్లు వేసినట్టు తిరిగి వచ్చాయి. నాథ సంప్రదాయంలో అతను చౌరంగి అయ్యాడు. కోల్‌కతాలోని చౌరంగీ వీధికి ఆ పేరు ఈయన వల్లే వచ్చిందని చెప్పేవాళ్లూ ఉన్నారు.

కథలో అన్నిటికంటే అందమైన మలుపు పశువుల కాపరిది. అతను యోగం నేర్చుకోవడానికి రాలేదు. పూటపూటకూ వచ్చి కదల్లేని మనిషికి అన్నం పెట్టాడు, కాపలా కాశాడు. ఆ సేవకు మెచ్చిన మీననాథుడు అతన్నీ శిష్యుడిగా తీసుకున్నాడు. అతనే గోరక్షనాథుడు. ఉత్తరాన గోరఖ్‌పూర్ మొదలు నేపాల్ దాకా కోట్లమంది మొక్కే మహాయోగి గౌరన కథలో గొడ్లు కాసే పిల్లవాడిగా మొదలయ్యాడు. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల స్వామికి గంపలెత్తే యాదవ కుటుంబాలకు ఈ కథ వినిపిస్తే, అందులో ఆశ్చర్యపోవడానికేముందని అంటారేమో.

శ్రీశైలం గుడి ప్రాకారం బయటి గోడ మీద విజయనగర కాలపు శిల్పాల వరుసల్లో ఈ యోగులు కనిపిస్తారు. ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్ల మధ్య ఆసనాలు వేసి కూర్చుని ఉంటారు. దర్శనం క్యూలో ఉన్నవాళ్లకు గోడ కంటే గడియారం ముఖ్యం కాబట్టి వాళ్లను పెద్దగా ఎవరూ పట్టించుకోరు.

ఇంతవరకు కథ సాఫీగా నడిచింది. తర్వాత చిక్కులు పడింది. గౌరన కథలో తండ్రి పేరు రాజమహేంద్రుడు. తర్వాతి కవుల చేతిలో ఆ పేరు కాస్తా రాజమహేంద్రవరం మీద వాలి, తండ్రి రాజరాజనరేంద్రుడయ్యాడు. నన్నయ చేత భారతం రాయించిన రాజుకు కొడుకు కాళ్లు నరికించిన అపకీర్తి అలా అంటుకుంది. చరిత్రలో ఆ రాజు కొడుకు చక్కగా రెండు కాళ్ల మీద నడిచి వెళ్లి, 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు. అయినా రాజమండ్రిలో సారంగధర మెట్ట ఉండనే ఉంది. 17వ శతాబ్దిలో చేమకూర వెంకటకవి శృంగారం దట్టించి ప్రబంధం చేశాడు. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు విషాద సారంగధర రాసి, తెలుగు రంగస్థలానికి విషాదాంతం అలవాటు చేశాడు. గురజాడ కుర్రతనంలో ఇదే కథను ఇంగ్లీషు పద్యంగా రాశాడు. 1957 నాటి సినిమాలో ఎన్టీఆర్ సారంగధరుడైతే భానుమతి చిత్రాంగి. ఆమెను చూశాక మీననాథుడు ఎవరికి గుర్తుంటాడు? నరికిన కాళ్లు తిరిగి ఎలా వచ్చాయన్న సగం జారిపోయింది. ఎందుకు నరికారన్న సగం హిట్టయింది.

సాధన మాత్రం ఆగలేదు, చిరునామాలు మార్చుకుంది. 1910లో, హేలీ తోకచుక్క ఆకాశంలో ఉన్న రోజుల్లో, కుంభకోణంలో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందిన సి.వి.వి. మాస్టర్ తన యోగమార్గం ప్రారంభించారు. ఆ ఏడు మే 29ని ఆయన శిష్యులు నేటికీ పండగలా జరుపుకుంటారు. ఒంగోలు, గుంటూరు, విశాఖల్లో ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి ఆయనకు నమస్కారం చెప్పి కూర్చునే ఇళ్లు ఉన్నాయి. కర్నూలు నుంచి సుభాష్ పత్రి శ్వాస మీద ధ్యాసను పిరమిడ్ల కిందికి తెచ్చారు. ఆయన 2022లో పోయేనాటికి, అలాంటి పిరమిడ్ ఉన్న కడ్తాల్ వేలమంది కూర్చుని కళ్లు మూసుకునే ఊరైంది. చైనా మూలాలున్న ఫిలిప్పీన్స్ వాసి చోవా కోక్ సూయి ప్రాణిక్ హీలింగ్ పేరిట చీనూ ప్రాణాన్నీ ఒకే సంచిలో వేసి హైదరాబాద్ దాకా పంపారు. అటు చైనాలో 1950ల్లో ప్రభుత్వమే ఈ విద్యకు చిగాంగ్ పేరుతో వైద్యశాలలు తెరిచింది. 1999లో అదే ప్రభుత్వం అలాంటి ఒక సంఘం మీద విరుచుకుపడింది. 2015 నుంచి జూన్ 21న మన బడి పిల్లలు ఎండలో చాపలు పరిచి యోగాసనాలు వేస్తున్నారు. వీటన్నిటినీ ఒక దారానికి గుచ్చాలనుకునేవాళ్లకు ఓపికుండాలి. కొన్నిట్లో సాధన పాలు ఎక్కువ, కొన్నిట్లో రుసుము పాలు ఎక్కువ. బాణుడి ద్రావిడ సాధువు కన్ను పోగొట్టిన అంజనాలు ఇవాళ ఫోన్ తెర మీదే దొరుకుతున్నాయి. ఒళ్లు బాగాలేనివాళ్లు ముందు డాక్టర్ దగ్గరికి పోవడం, తర్వాతే ఊపిరి పట్టడం క్షేమం.

నవనాథ చరిత్రను కోరాడ రామకృష్ణయ్య పరిష్కరించగా 1937లో మద్రాసు విశ్వవిద్యాలయం అచ్చువేసింది. మోతెకు పొరుగునే ఉన్న నడిగూడెం కోట మునగాల రాజులది. ఆ సంస్థానాధీశుడు నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు కలిసి 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయానికి పునాది వేశారు. గ్రంథాలయోద్యమానికి దారి చూపిన ఈ ప్రాంతంలో మోతె, నడిగూడెం, మునగాల గ్రంథాలయాల బీరువాల్లో గౌరన ద్విపద తాత్పర్యంతో సహా చేరాలి. పోటీ పరీక్షల పుస్తకాల మధ్య దానికి ఒక అర చాలు. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, జిల్లా గ్రంథాలయ సంస్థలు ఈ పని తలకెత్తుకోవాలి.